ఇంటి దొడ్డిలో గొర్రెల పెంపకం

గొర్రెల పెంపకమనగానే విశాలమైన బీళ్లు, గొంగడి కప్పుకొన్న కాపరి, వెంట నడిచే మంద మనకు స్ఫురిస్తాయి. తెలంగాణలో కురుమలు, గొల్లలు తరతరాలుగా నిలుపుకొని వచ్చిన వృత్తి ఇది. నల్లని దక్కనీ గొర్రె ఉన్నితోనే ఆ గొంగడి తయారయ్యేది. కాని ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి ప్రాంతాలలో ఒకనాటి బీళ్లను కర్మాగారాలు, కాలనీలు ఆక్రమించినవి. ఇక్కడ ఇంటి వెనుక కొద్దిపాటి దొడ్డి గలవారు గొర్రెలను పెంచదలచినచో, ఎన్ని కొనగలమని యోచించడానికి ముందే ఎన్నింటిని మేపగలమో లెక్క చూసుకోవాలి.

ముప్పై కిలోల బరువున్న గొర్రెకు రోజుకు సుమారు 3 కిలోల పచ్చిమేత, అర కిలో ఎండుమేత కావాలి. నాలుగు గొర్రెలకు ఏడాదికి 4,380 కిలోల పచ్చిమేత అవసరమన్నమాట. నీటి వసతి, ఎరువు సమకూరితే ఎకరం హైబ్రిడ్ నేపియర్ గడ్డి సంవత్సరానికి 100 టన్నుల దాకా ఇవ్వగలదు. ఎకరానికి 40 గుంటలు గనుక, రెండు గుంటలలో, అనగా 242 చదరపు గజాలలో, 5 టన్నులు లభిస్తుంది. అంత నేల లేనివారు రెండు గొర్రెలతో తృప్తిపడడం మేలు. గట్ల వెంట అవిశ, సుబాబుల్ నాటితే మాంసకృత్తుల కొరత తీరుతుంది. అయితే సుబాబుల్ ఆకు మేతలో మూడవ వంతుకు మించరాదు.

2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా ఉండేవి. రాయితీ 75 శాతం ఉండేది. పై లెక్క ప్రకారం అట్టి యూనిట్‌కు ఏడాదికి 23 టన్నుల పచ్చిమేత కావాలి. రాయితీతో గొర్రె వస్తుంది గాని మేత రాదు. బీడు లేనిచోట పెద్ద మంద అప్పులకే దారి తీస్తుంది.

కొట్టంలో ఒక్కొక్క గొర్రెకు 10 చదరపు అడుగుల పొడినేల ఉండాలి. తేమ వలన గిట్టలు కుళ్లుతాయి. తొలకరికి ముందే చిటుక రోగపు టీకా వేయించాలి. పశువైద్యుని సలహాపై పీపీఆర్ టీకా, నట్టల మందు ఇప్పించాలి. విందులలో మిగిలిన అన్నం దయతో పెట్టేవారున్నారు. అది ఎక్కువైతే కడుపులో పులిసి ప్రాణం తీస్తుంది.

గొర్రె చూలు కాలం అయిదు మాసాలు. బక్రీదు నాటికి ఏడాది పొట్టేలు సిద్ధం కావాలంటే పదిహేడు మాసాల ముందే గొర్రె కట్టాలి. ఆ పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుందన్నది కూడా మరువరాదు.

విద్యార్థులారా! కాగితంపై ఈ లెక్క సరిపోయిన తరువాతనే సంతకు బయలుదేరండి.