పెరటితోటయు దేవుని ఓర్పును

వాక్యభాగము: లూకా 13:1–9
తోడుగా చదువవలసినవి: యోనా 4, హబక్కూకు 3:17–19, 2 కొరింథీయులకు 8:12



కోతపండుగ దగ్గరపడుచున్నది. ఆ ఆదివారమున మన గ్రామసంఘములలో ఏమి జరుగునో మీకందరికిని తెలియును. తెల్లవారకమునుపే స్త్రీలు గంపలు సర్దుకొందురు. సొరకాయలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, మునగకాడలు, కోడిపుంజులు, గ్రుడ్లు బల్లయెదుట చేరును. ఆరాధన ముగిసిన తరువాత పెద్దలు వాటిని వేలము వేయుదురు. నాలుగు వంకాయలను వంద రూపాయలకు పాడుకొని సంతోషముతో ఇంటికి తీసికొనిపోవు సహోదరులును మనలో ఉన్నారు. ఇది మంచి ఆచారము. మన తాతల నాటినుండి నడచుచున్నది.

అయితే ఆ దినమున మందిరములో కనబడనివారిని గూర్చి ఈ నెల మనము ఆలోచింపవలెను. పందిరిమీద తీగ ఎండిపోయిన యింటివారు, తెచ్చుటకు ఏమియు లేదని సిగ్గుపడి, ఒంట్లో బాగులేదనియో చుట్టములు వచ్చిరనియో చెప్పి ఇంటనే నిలిచిపోవుదురు. వారి వెనుక ఒక మాట నడచును: "ఆ యింట ఏదో లోపమున్నది. లేనియెడల అందరి పెరళ్లు పచ్చగానుండగా వారిదొక్కటే ఏల మాడిపోవును?" మరికొందరు దిష్టి తగిలినదని చెప్పి, పాత చెప్పును పందిరికి కట్టుమందురు. చెప్పును కట్టుట అన్యాచారమని మనకు తెలియును. మొదటి మాట మాత్రము భక్తిగల మాటవలె వినబడును. ఆ మాటను ప్రభువు ఎట్లు చూచెనో ఈ పాఠములో నేర్చుకొందము.

1. పెరడు దేవుడిచ్చిన పని

దేవుడు మొదటి మనుష్యుని తోటలో ఉంచినది దానిని సేద్యపరచి కాచుటకే (ఆదికాండము 2:15). పాపము లోకములోనికి రాకమునుపే తోటపని యుండెను. బబులోను చెరలోనున్న వారికి యిర్మీయా పంపిన ఉత్తరములో కూడ (29:5) ఇండ్లు కట్టుకొని తోటలు వేసికొనవలెనని వ్రాయబడెను. కాబట్టి పెరటిలో పార పట్టుకొనుటకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు.

రెండు సెంట్ల జాగాయున్నను ఇంటికి కూర లేని దినముండదు. తోటకూర విత్తిన 25 మొదలు 30 దినములలో కోతకు వచ్చును. గోంగూర, బచ్చలి త్రుంచినకొలది చిగిర్చును. ఒక్క మునగచెట్టున్నచో కాయయు దొరుకును, ఆకును దొరుకును. ఆ ఆకు రక్తము తక్కువైన స్త్రీలకును ఎదుగు పిల్లలకును మంచి ఆహారము. గిన్నెలు కడిగిన నీళ్లు పారుచోట అరటి పిలక నాటినయెడల ప్రత్యేకముగా నీరు మోయు పనిలేదు. బొప్పాయి తొమ్మిది పది నెలలకు పండు నిచ్చును. అంటుమామిడికి మూడు నాలుగేండ్లు కావలెను. టెంకమామిడికి ఇంకను ఎక్కువ కాలము పట్టును.

లేవీయకాండము 19:23–25 చదువుడి. క్రొత్తగా నాటిన చెట్టు కాయలను మూడేండ్లు తినరాదనియు, నాలుగవ యేటి కాయలు యెహోవాకు ప్రతిష్ఠితములనియు, అయిదవ యేట తినవచ్చుననియు అచ్చట ఉన్నది. చెట్టును గూర్చిన దేవుని లెక్క ఏండ్లతో నడచును. మనము విత్తనము వేసిన మూడవ నాడే మన్ను గెలికి చూచెదము.

2. నష్టములకు గల కారణములు

పెరడు వేసిన ప్రతివారును నష్టమును చూచియేయుందురు. వాటికి కారణములేవో తెలిసికొనుట భక్తికి విరోధము కాదు.

సొరతీగకు పిందెలు పడి, పసుపుబారి, రాలిపోవును. దీనినే ఎక్కువమంది దిష్టి యందురు. సొరకు మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. ఆడపువ్వు క్రింద చిన్న పిందె కనబడును. ఆ తెల్లని పువ్వులు సాయంకాలమున విచ్చును. చీకటివేళ తిరుగు రెక్కలపురుగులు పుప్పొడిని మోసి ఆడపువ్వునకు చేర్చవలెను. అవి రాకపోయినను, వాన పుప్పొడిని కడిగివేసినను పిందె నిలువదు. ప్రొద్దుగూకు వేళ మగపువ్వును కోసి, రేకులు తీసి, ఆడపువ్వు నడుమ మెల్లగా రాచినయెడల పిందె నిలుచును. గుమ్మడికి ఈ పని తెల్లవారుజామున చేయవలెను, ఏలయనగా దాని పువ్వు ఉదయమున విచ్చి ఎండ ముదిరినప్పటికి ముడుచుకొనును. సొరకాయను గూర్చి మరియొక మాట. కోసినప్పుడు ముక్క కొంచెము నాలుకకు తగిలించి చూడుడి. చేదుగానున్నచో పారవేయుడి, అది కడుపులో విషమగును. ఎలీషా దినములలో కుండలో మరణమున్నదని కేకవేసిన సంగతి (2 రాజులు 4:38–41) తెలియని పాదునుండి తెచ్చిన కాయలవలననే కలిగెను.

బెండ ఆకుల ఈనెలు పసుపుబారుట పల్లాకు తెగులు. దీనిని తెల్లదోమ ఒక మొక్కనుండి మరియొక మొక్కకు మోయును. పట్టిన మొక్కకు మందు లేదు. దానిని పెరికివేసి మిగిలినవాటిని కాపాడుకొనవలెను. వంగమొక్క చివరి కొమ్మ వాలిపోయినయెడల లోపల పురుగు తొలుచుచున్నదని అర్థము. వాలిన కొమ్మను పురుగుతోకూడ త్రుంచి కాల్చవలెను. వంగ, టమాట, మిరప ఒక్క జాతివి గనుక, ఏటేట ఒక్క మడిలోనే వేసినచో మట్టిలోని తెగులు వాటిని విడువదు. వేపగింజల పొడి 50 గ్రాములు గుడ్డలో కట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, పిండి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లినయెడల చిన్నపురుగులు చాలవరకు తగ్గును.

బొప్పాయిలో పోతుచెట్టు పొడవైన పూగుత్తులను వ్రేలాడవేయును గాని కాయదు. గుంటకు మూడు మొక్కలు నాటి, పూత వచ్చిన తరువాత ఒక్కటి మంచిది ఉంచుకొనవలెను. మొదట నీరు రెండు దినములు నిలిచినచో బొప్పాయి వేరు కుళ్లి చచ్చును. ఇక కోతులు, మేకలు, పొరుగింటి కోళ్లు చేయు నష్టమును మేము వ్రాయనక్కరలేదు.

3. సిలోయములో కూలిన గోపురము

ఇప్పుడు లూకా 13వ అధ్యాయమునకు వత్తము. అంజూరపు చెట్టు ఉపమానము మనకు బాగుగా తెలియును గాని, దానికి ముందున్న అయిదు వచనములను దానితో కలిపి చదువుట తక్కువ. పిలాతు గలిలయులను చంపించిన వార్తను కొందరు ప్రభువునకు తెచ్చిరి. ఆయన ఆ వార్తతోపాటు సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిన సంగతిని కూడ ఎత్తి, చచ్చినవారు మిగిలినవారికంటె ఎక్కువ పాపులని తలంచుచున్నారా అని అడిగెను. కాదని తానే జవాబు చెప్పెను. తరువాత వినుచున్నవారివైపు తిరిగి, మారుమనస్సు మీకే కావలెనని హెచ్చరించెను.

ఇతరుల నష్టమునుబట్టి వారి పాపమును కొలుచుట ప్రభువు ఒప్పుకొనలేదు. 2018 అక్టోబరు 11వ తేదిని తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస దగ్గర తీరము దాటినప్పుడు, ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగెను. ప్రార్థించువారి చెట్లును, ప్రార్థింపనివారి చెట్లును పడెను. కొబ్బరి మొక్క నాటి మరల కాపు చూచుటకు ఎన్నో ఏండ్లు పట్టును. ఆ యింటి యజమానుని ఎదుట నిలిచి "నీలో లోపమేమి?" అని అడుగగల నోరు క్రైస్తవునిది కాదు.

ఇక్కడ ఒకరు యోనా గ్రంథమును చూపి, సొరచెట్టును తొలిచిన పురుగును దేవుడే యేర్పరచెను గదా అని అడుగవచ్చును. నిజమే. అయితే ఆ అధ్యాయము ముగింపును చూడుడి. ఒక్క సొరచెట్టు కొరకు అంత దుఃఖపడిన యోనా, లక్షయిరువది వేలకంటె ఎక్కువమంది యున్న నీనెవెకొరకు జాలిపడవలదా అని దేవుడు అడిగెను. ఆ పురుగు యోనాకు జాలి నేర్పుటకు వచ్చెను. పొరుగువాని తీగ ఎండుట చూచి మనము జాలి నేర్చుకొనకపోయినయెడల యోనాకంటె వెనుకబడియున్నాము.

4. తోటమాలి అడిగిన గడువు

ఉపమానములో యజమానుడు మూడేండ్లు వచ్చి ఫలము చూడలేదు. చెట్టును నరికివేయుమనెను. తోటమాలి చెట్టును వెనుకవేసికొని మాటలాడలేదు, మంచి చెట్టని అబద్ధమాడలేదు. ఇంకొక సంవత్సరము గడువు అడిగి, ఆ సంవత్సరములో తాను చేయు పనిని కూడ చెప్పెను: చుట్టు త్రవ్వుట, ఎరువు వేయుట. గడువు అడిగినవాని చేతిలో పార యుండెను. ఇట్టి ఓర్పును ప్రభువు మనయెడల చూపుచున్నాడు. ఆ గడువునకు ముగింపు ఉన్నదనియు ఆ వచనమే చెప్పుచున్నది. గనుక పొరుగువాని చెట్టును లెక్కించుటలో మన సంవత్సరము గడిచిపోకూడదు.

శ్రీరాంపూరు మిషనెరీయైన విలియం కేరీగారిని గూర్చి మీరు వినియుందురు. యౌవనములో చెప్పులు కుట్టి జీవించిన ఆయన 1793లో మన దేశమునకు వచ్చిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చువేసినది వారి అచ్చుకూటమే. ఆయనకు మొక్కలన్న ప్రాణము. శ్రీరాంపూరులో పెద్ద తోట పెంచి, 1820లో కలకత్తాలో వ్యవసాయమును తోటపనిని అభివృద్ధిచేయు సంఘమును స్థాపించిరి. 1823లో దామోదర నది వరద ఆ తోటను పాడుచేసెను. అప్పటికి ఆయనకు అరువది రెండేండ్లు. ఆ వరదను చూచి కేరీగారి భక్తి చాలదని ఎవరందురు? ఆయన తోటను విడిచిపెట్టలేదు. 1834లో మరణమునకు సమీపించినప్పుడు సహితము, తాను పోయిన తరువాత ఆవులను తోటలోనికి తోలుదురేమోయని దిగులుపడిరని ఆయన జీవితచరిత్రలలో ఉన్నది.

నాటువాడును నీళ్లుపోయువాడును వృద్ధి కలుగజేయలేరని పౌలు కొరింథీయులకు వ్రాసెను (మొదటి పత్రిక 3:6–7). ఈ మాట మన గర్వమును అణచును. నష్టపోయినవానికి ఆదరణ కూడ ఇచ్చును. త్రవ్వుట, ఎరువు వేయుట, నీళ్లుపోయుట మనవి. వాటిని గూర్చి మనలను అడుగుదురు. కాయ దేవునిది.

5. కోతపండుగకు ఏమి తేవలెను

"వట్టిచేతులతో దేవుని సన్నిధికి రాకూడదని ధర్మశాస్త్రములో లేదా?" అని కొందరు పెద్దలు అడుగుదురు. ద్వితీయోపదేశకాండము 16:16లో ఉన్నది. దాని ప్రక్కనున్న 17వ వచనమును కూడ చదువవలెను. దేవుడు ఎవనికి ఎంత యిచ్చెనో దానిచొప్పుననే తేవలెనని అచ్చట వ్రాయబడెను. లేనిదానిని దేవుడు అడుగడనియు, కలిగినదానిచొప్పుననే అంగీకరించుననియు పౌలును చెప్పెను (2 కొరింథీయులకు 8:12). హబక్కూకు అంజూరము పూయనప్పుడు, ద్రాక్ష ఫలింపనప్పుడు, సాలలో పశువులు లేనప్పుడు దేవునియందు ఆనందించెను. అతడు మన కోతపండుగకు వచ్చినయెడల ఏ గంప తెచ్చును? ఆ స్తుతియే అతని గంప.

కాబట్టి ఈ సంవత్సరము మన సంఘములలో మూడు పనులు చేయుదము. మొదటిది, గంపలను పేరులు పిలువకుండ ఆరాధనకు ముందే బల్లయొద్ద చేర్చుదము. అప్పుడు ఎవరు తెచ్చిరో ఎవరు తేలేదో లెక్కింపబడదు. రెండవది, కాపు బాగుగా వచ్చిన యింటివారు ముదిరిన సొర, బీర, బెండ కాయలను విత్తనమునకు ఉంచి, పోగొట్టుకొన్న యింటికి గుప్పెడు విత్తనములు ఇత్తురుగాక. మూడవది, పండుగకు ముందు వారములో ఆ యింటికి వెళ్లి, "అక్కా, ఆదివారము కలిసి వెళ్దాము" అని పిలువవలెను. వెళ్లినప్పుడు లోపములను గూర్చి ప్రశ్నలు వేయక, పార తీసికొని వారి పాదును త్రవ్వుటకు చేయి కలుపవలెను. ప్రేమగలచోట ఆకుకూరల భోజనము మేలని సామెతలు 15:17లో చదువుచున్నాము. పచ్చగానున్న పెరటినుండి ఒక కట్ట తోటకూర వారి యింటికి వెళ్లుట ఆ వాక్యమునకు లోబడుటయే.

ఇంటికూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. లూకా 13:1–5కును 6–9కిని గల సంబంధమేమి?
2. మన వాడలో ఈ యేడు పెరడు పోయినవారెవరు? వారిని గూర్చి మనము ఏమి మాటలాడితిమి?
3. దేవుడు మనకిచ్చిన గడువులో మనము త్రవ్వవలసిన స్థలమేది?
4. పొరుగింటికి మనము ఇయ్యగల విత్తనమేది?

ప్రార్థన

ప్రభువా, మా పెరళ్లలో పండినదానికై స్తోత్రము. ఎండిపోయినదానినిబట్టి ఒకరినొకరము తీర్పుతీర్చకుండ మా నోటిని కాపాడుము. సిగ్గుచేత దూరముగా నిలిచినవారిని నీ మందిరమునకు తోడుకొని రమ్ము. ఈ సంవత్సరము కూడ మాయెడల ఓర్పు చూపి, మాలో ఫలము కలుగజేయుము. ఆమేన్.