పదమూడో నంబరు పానా

విజయవాడ

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. తాతయ్య బుల్లెట్‌ని షెడ్డులోంచి బయటికి తీసి, పాత మట్టంతా కడిగి నిలబెట్టావు, సంతోషం. పదమూడో నంబరు పానా నట్టుకి ఎక్కట్లేదు, పద్నాలుగోది వదులుగా ఆడుతోంది, అడ్జస్టబుల్ పానా పెట్టి లాగెయ్యనా అని అడిగావు. వద్దు తల్లీ. ముందు ఆ పద్నాలుగోదాన్ని కూడా డబ్బాలో పెట్టేసెయ్.

అది మిల్లీమీటర్ల బండి కాదు. మద్రాసు మోటార్స్ వాళ్లూ, ఇంగ్లండులో రెడిచ్ కంపెనీ వాళ్లూ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో సామాను అక్కణ్ణుంచి వస్తే మద్రాసులో బిగించేవారు. సామానుతో పాటు వాళ్ల మరలూ వచ్చాయి. మన దేశం మెట్రిక్ కొలతలకి చట్టం చేసింది ఆ మరుసటేడు, 1956లో. అందుకే తాతయ్య బండిలో ఉన్నవి జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషాయన 1841లో ప్రతిపాదించిన మరలకి వారసులు. ఆ లెక్కలో పానా మీద 1/4 డబ్ల్యూ అని ఉంటే దాని నోరు పావు అంగుళం అనుకోకు. అది బోల్టు మందం. నోరు 0.525 అంగుళం, అంటే 13.34 మి.మీ. అదే పానాకి రెండోవైపు 5/16 బీఎస్ అని కూడా ఉంటుంది, తికమక పడకు. సన్న మర ఉన్న బోల్టుకి తల ఒక సైజు చిన్నగా చేసేవారు కాబట్టి రెండింటికీ ఒకే పానా సరిపోతుంది.

ఇప్పుడు నీ ఇబ్బంది ఎక్కడుందో చూడు. నీ నట్టు ఈ 13.34దే, పద్నాలుగోది పెడితే మధ్యలో 0.66 మి.మీ. ఖాళీ. పానా నట్టు పలకల మీద కూర్చోదు, మూలల మీద మాత్రమే ఆనుతుంది. గట్టిగా లాగితే మూలలు చితికి నట్టు గుండ్రమైపోతుంది. అర అంగుళం పానా 12.7, అసలే ఎక్కదు. పదమూడోది మాత్రం వెంట్రుకవాసిలో ఆగిపోతోంది. కాబట్టి పదమూడోదాని నోరే ఆకురాయితో రాసి వెడల్పు చేద్దాం. నట్టుని రాయకు. మార్చాల్సింది పానాని, బండిని కాదు. ఈ ఒక్క మాట మీద నాకు పట్టుదల ఎక్కువ. ఎవరు చెప్పినా వినకు.

అన్ని సైజులకీ ఈ పని అక్కర్లేదు. 3/8 డబ్ల్యూ 18.03 మి.మీ., పద్దెనిమిదో నంబరు చక్కగా సరిపోతుంది. 7/16 డబ్ల్యూకి ఇరవై ఒకటోది. రాయాల్సింది మూడే: 3/16కి పదకొండోది (11.3 కావాలి), 1/4కి పదమూడోది, 5/16కి పదిహేనోది (15.24 కావాలి).

వెర్నియర్‌తో నట్టు పలకలు మూడు జతలూ కొలిచి, పెద్ద అంకె తీసుకో. పాత రంగు పేరుకుని ఉంటే ముందు గీకెయ్. తర్వాత పానా నోరూ కొలువు. పదమూడు అని ఉన్నది కచ్చితంగా పదమూడుండదు, కాస్త ఎక్కువే ఉంటుంది. 13.1 ఉందనుకో, నీకు కావలసింది 13.4. అంటే ఒక్కో పెదవికి 0.15 చొప్పున తియ్యాలి. ఒకే వైపు తీస్తే ఆ పెదవి బలహీనపడుతుంది.

పానా మీది క్రోమియం పూతా, కింది ఉక్కూ రెండూ గట్టివే, మామూలు ఆకురాయి జారిపోతుంది. సన్న వజ్రపు ఆకురాయి కొను, పానాని వైస్‌లో బిగించి నెమ్మదిగా రాయి. గ్రైండర్ మీద పెడితే త్వరగా అవుతుంది గానీ నోరు వేడెక్కి పదును చెడుతుంది. తప్పదనుకుంటే చేతికి గుడ్డ, గ్లౌజు లేకుండా పట్టుకో, వేడి తగలగానే నీళ్లలో ముంచు. లోహం నీలంరంగు తిరిగిందంటే ఆ పానాతో బిగువు నట్టు తియ్యకు. కళ్లద్దాలు పెట్టుకో, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నా.

రాసేటప్పుడు రెండు పెదవులూ సమాంతరంగా ఉండాలి. దానికో ఉపాయం: లోపలి ముఖాలకి స్కెచ్ పెన్ను సిరా పూసి, నట్టు మీదికి తోసి, బయటికి తీసి చూడు. సిరా చెరిగిన చోటే తగులుతోందన్నమాట. అక్కడ మాత్రమే రాయి, మళ్లీ పూయి. చివర్లో రెండు మొనలూ, మొదలూ ఒకేలా చెరగాలి. అప్పుడు ఆపెయ్. ఇంకొక్కసారి అనిపిస్తుంది, ఆ చేతిని ఆపడమే కష్టం.

సిలిండర్ రెక్కల కింద ఇరుకు చోటుకి పానా మూతి పలచన చేస్తానన్నావు. చెయ్యి. కానీ పలచన చేసిన పానాతో బిగుసుకున్న నట్టుని మొదటిసారి కదపకు. ముందు రాత్రంతా నూనె పట్టనిచ్చి, మందపాటి పానాతో కొంచెం కదిలించి, తర్వాత పలచటిది అందుకో. కాడ వంచాలంటే, మూతి చుట్టూ తడిగుడ్డ చుట్టి, కాడ మాత్రమే ఎర్రగా కాల్చు. ఇలాంటి పానాలకి పైపు తగిలించి లాగకు.

రింగు పానాల్నీ, సాకెట్లనీ ఇలా రాయాలని చూడకు, లోపలి మూలలు దక్కవు. రాణిగంజ్ పనిముట్ల బజారులో అడిగి 1/4, 5/16 విట్‌వర్త్ రింగు పానాలు కొనుక్కో. ఆ మర్నాడు ఇంజను హెడ్డు పని మొదలుపెట్టొచ్చు. హెడ్డు నట్లకి నోరు తెరిచిన పానా వాడకు.

కరెంటు సామాను జోలికి ఇప్పుడే పోకు. లూకాస్ కంపెనీ వాళ్ల వాటిలో బీఏ అనే ఇంకో రకం మర ఉంటుంది, దానిది 47.5 డిగ్రీల కోణం, విట్‌వర్త్ మరది 55. ఒకదానిలో ఒకటి బలవంతంగా తిప్పితే మర పోతుంది. తాతయ్య రేకు డబ్బాలో చిన్న పానాలు ఏమున్నాయో, వాటి మీద ఏం చెక్కి ఉందో చూసి రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న