చిన్న ఇంజను - పెద్ద ఊపిరి

మీరు ఎప్పుడో ఒకప్పుడు పరుగు పందెంలో పాల్గొనే ఉంటారు. నూరు మీటర్లు పరుగెత్తేసరికి ముక్కుతో పీల్చే గాలి చాలదు. నోరు తెరిచి గబగబా గాలి పీలుస్తాం. ఎందుకని? కండరాలు తక్కువ కాలంలో ఎక్కువ పని చేయాలంటే వాటికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. మోటారు కారు ఇంజను విషయమూ ఇంతే. అది ఎంత పెట్రోలు తాగుతుందన్నది రెండో మాట. ఎంత గాలి పీల్చగలదన్నది మొదటి మాట.

పందెపు కార్ల ఇంజన్లకు సామర్థ్యం పెంచేవారు చేసే పనంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది. అదెలాగో ఒక నిజమైన కారు కథ ద్వారా తెలుసుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కొన్ని లెక్కలు కూడా ఉన్నాయి.

పెట్రోలు ఆదా కోసం పుట్టిన కారు

1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చింది. దాంతో బ్రిటన్‌లో పెట్రోలుకు కొరత ఏర్పడింది. తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కారు ఒకటి తయారు చేయాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అనే సంస్థ నిర్ణయించింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు నాయకత్వంలో రూపొందిన ఆ కారు 1959 ఆగస్టులో విడుదలయింది. దాని పేరు మినీ. పొడవు మూడు మీటర్లకు కాస్త ఎక్కువ. చక్రాలు పది అంగుళాలవి. నాలుగు సిలిండర్ల ఇంజను. దాని ఘనపరిమాణం 848 ఘన సెంటీమీటర్లు, సామర్థ్యం 34 హార్స్ పవర్. గంటకు 116 కిలోమీటర్ల దాకా పోగలిగేది.

ఆ ఇంజను మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. మన రోడ్ల మీద దశాబ్దాలపాటు తిరిగి, 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ కారు మీకు తెలుసు కదా! అందులో చాలాకాలం వాడిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను కూడా ఆ సంస్థ రూపొందించినదే. మినీ ఇంజనుకు అది పెద్దన్న లాంటిది.

జాన్ కూపర్ రేసు కార్ల నిర్మాత. అతని సంస్థ తయారు చేసిన కార్లు 1959, 1960 సంవత్సరాల్లో ఫార్ములా వన్ ప్రపంచ విజేతలుగా నిలిచాయి. ఈ మినీ ఇంజను కుటుంబానికి చెందిన ఇంజన్లను అతను చిన్న తరగతి రేసు కార్లలో వాడి, వాటి లోతుపాతులు తెలుసుకున్నాడు. అతని చొరవతో 1961లో 'మినీ కూపర్' వచ్చింది. దాని సామర్థ్యం 55 హార్స్ పవర్. 1963లో 'కూపర్ ఎస్' వచ్చింది. దాని ఇంజను 1071 ఘన సెంటీమీటర్లది, సామర్థ్యం 70 హార్స్ పవర్. 1964 జనవరిలో మంచు కొండల మీద జరిగిన మాంటే కార్లో ర్యాలీలో పాడీ హాప్‌కిర్క్ నడిపిన ఈ కూపర్ ఎస్ కారు తనకంటే ఎంతో పెద్ద కార్లను ఓడించి విజేత అయింది.

34 నుండి 70కి! సామర్థ్యం రెట్టింపుకు మించింది. ఇంజను మాత్రం రెట్టింపు పెద్దది కాలేదు. మరి ఈ అదనపు సామర్థ్యం ఎక్కడి నుంచి వచ్చింది?

మూడు గుణకాలు

పని జరిగే రేటును సామర్థ్యం అంటారని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. ఇంజను సామర్థ్యం మూడు అంశాల లబ్ధం మీద ఆధారపడుతుంది. ఒకటి, సిలిండర్ల ఘనపరిమాణం. రెండు, నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు. మూడు, ప్రతి చుట్టులోనూ ఒక్కొక్క ఘన సెంటీమీటరు చోటు నుంచి లభించే పని. వీటిలో దేన్ని పెంచినా సామర్థ్యం పెరుగుతుంది. కూపర్ ఎస్‌లో మూడింటినీ పెంచారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి గుణకం: సిలిండరు వెడల్పు

సిలిండరు లోపలి వ్యాసాన్ని బోరు అంటారు. అందులో పిస్టను పైనుంచి కిందికి కదిలే దూరాన్ని స్ట్రోకు అంటారు. మామూలు మినీలో బోరు 62.9 మిల్లీమీటర్లు, స్ట్రోకు 68.26 మిల్లీమీటర్లు. స్థూపం ఘనపరిమాణం కనుక్కునే సూత్రం మీకు తెలుసు. లెక్క కట్టి నాలుగుతో గుణించండి. 848 వస్తుంది.

కూపర్ ఎస్‌లో స్ట్రోకును మార్చలేదు. బోరును 70.6 మిల్లీమీటర్లకు పెంచారు. పెరిగింది ఎనిమిది మిల్లీమీటర్ల లోపే, అంటే పన్నెండు శాతం. కాని వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఘనపరిమాణం 26 శాతం పెరిగింది. మన మొదటి గుణకం 1.26.

ఇది కాగితం మీద తేలికే. ఇనుప దిమ్మలో పక్కపక్కనే ఉన్న నాలుగు సిలిండర్లను వెడల్పు చేస్తే వాటి మధ్య గోడలు పలచబడిపోతాయి. అందుకే కూపర్ ఎస్ కోసం సిలిండర్ల స్థానాలనే జరిపి, కొత్త దిమ్మ పోతపోశారు.

రెండో గుణకం: చుట్లు

మామూలు మినీ ఇంజను నిమిషానికి 5,500 చుట్ల వద్ద గరిష్ఠ సామర్థ్యాన్నిచ్చేది. కూపర్ ఎస్‌లో ఇది సుమారు 6,000. రెండో గుణకం 6,000ను 5,500తో భాగిస్తే వచ్చే 1.09. ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. కాని దీనికి చెల్లించే మూల్యం చిన్నది కాదు. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

మూడో గుణకం: ఊపిరి

34ను 1.26తోనూ, 1.09తోనూ గుణిస్తే సుమారు 47 వస్తుంది. మనం చేరవలసింది 70. కాబట్టి మిగిలిన గుణకం దాదాపు 1.5. అంటే ప్రతి చుట్టులోనూ, ప్రతి ఘన సెంటీమీటరు చోటు నుంచీ ఒకటిన్నర రెట్ల పని రాబట్టారన్నమాట! అసలు విద్య ఇక్కడే ఉంది.

ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 కిలోగ్రాముల గాలి కావాలి. లీటర్లలో చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి! సిలిండరులోకి పెట్రోలును ఎంతయినా పంపవచ్చు. తగినంత గాలి లేకపోతే అది మండకుండానే నల్లటి పొగగా బయటికి పోతుంది. గాలిని పంపడమే కష్టం.

ఎందుకు కష్టమో చూడండి. నిమిషానికి 6,000 చుట్లంటే సెకనుకు నూరు చుట్లు. పిస్టను కిందికి దిగుతూ గాలిని పీల్చుకొనేది అర చుట్టులో. అంటే సెకనులో 200వ వంతు కాలం మాత్రమే! కళ్ళు మూసి తెరిచేలోగా ఇటువంటి ఊపిర్లు ఎన్నో జరిగిపోతాయి. ఇంత తక్కువ వ్యవధిలో ఇరుకు దారిగుండా సిలిండరు నిండా గాలి చేరదు. వడి పెరిగినకొద్దీ సిలిండరు సగం ఆకలితోనే పనిచేస్తుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. గ్లాసెడు నీళ్ళను ఒక సన్నని స్ట్రాతో తాగండి. ఎన్ని సెకన్లు పట్టిందో మీ మిత్రుణ్ణి గడియారం చూసి చెప్పమనండి. మళ్ళీ అన్నే నీళ్ళను రెండు స్ట్రాలు కలిపి నోట్లో పెట్టుకుని తాగండి. తేడా మీకే తెలుస్తుంది.

కూపర్ కార్లలో చేసింది సరిగ్గా ఇదే. మినీ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి వెళ్ళే దారులు రెండే. ఒక్కో దారిని రెండేసి సిలిండర్లు పంచుకుంటాయి. మామూలు మినీలో ఈ రెండు దారులకూ కలిపి ఒకే కార్బ్యురేటరు. గాలిలో పెట్రోలును కలిపే సాధనమే కార్బ్యురేటరు. కూపర్‌లో రెండు కార్బ్యురేటర్లు పెట్టారు. గాలి లోపలికి వచ్చే వాల్వులను పెద్దవి చేశారు. కాలిన వాయువులు బయటికి పోయే గొట్టాలను మెరుగుపరిచారు. పాత గాలి పూర్తిగా పోతేనే గదా కొత్త గాలికి చోటు!

వాల్వులు తెరుచుకొనే కాలాన్ని కూడా పొడిగించారు. పిస్టను అడుగుకు చేరిన తరువాత కూడా వాల్వును కాసేపు తెరిచే ఉంచుతారు. వేగంగా దూసుకొచ్చే గాలికి జడత్వం ఉంటుంది కాబట్టి, అది ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది. అయితే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇదే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది. గాలికి ఊపు ఉండదు కాబట్టి పైకి లేచే పిస్టను దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. అందుకే పందెపు ఇంజన్లు కారు ఆగి ఉన్నప్పుడు గుడగుడలాడుతూ, ఎగుడుదిగుడుగా తిరుగుతాయి.

మిశ్రమాన్ని మండించే ముందు దాన్ని ఎన్ని రెట్లు కుదిస్తారో చెప్పేది సంపీడన నిష్పత్తి. దీన్ని 8.3 నుండి 9కి పెంచారు. ఎక్కువ కుదిస్తే అదే పెట్రోలు నుంచి కాస్త ఎక్కువ పని వస్తుంది. కాని ఆదర్శ ఇంజనుకు వేసిన లెక్కలో కూడా ఈ లాభం రెండు మూడు శాతమే. కాబట్టి ఒకటిన్నర రెట్లలో అధిక భాగం ఊపిరి వల్ల వచ్చిందే.

నేటి కార్లలో ఎక్కువగా వాడే టర్బోచార్జరు కూడా ఈ పనే చేస్తుంది. బయటికి పోయే వాయువులతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దానితో గాలిని బలవంతంగా సిలిండర్లలోకి తోస్తుంది. కార్బ్యురేటరు స్థానంలో కంప్యూటరు నియంత్రించే ఇంజెక్టర్లు వచ్చాయి. సాధనాలు మారాయి గాని సూత్రం మారలేదు.

మూల్యం చెల్లించాలి

ఏదీ ఊరికే రాదు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో పిస్టను ఒక సెకనులో 200 సార్లు ఆగి దిశ మార్చుకోవాలి. స్ట్రోకు కొసన దాని త్వరణం గురుత్వ త్వరణానికి వెయ్యి రెట్లకు పైనే! పావు కిలో బరువున్న పిస్టను ఆ క్షణంలో మూడు క్వింటాళ్ళకు మించిన బలంతో తన కడ్డీని లాగుతుంది. పైగా ఈ బలం చుట్ల సంఖ్య వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. చుట్లు తొమ్మిది శాతం పెరిగితే బలం పంతొమ్మిది శాతం పెరుగుతుంది. అందుకే కూపర్ ఎస్‌లో క్రాంకు షాఫ్టును మరింత దృఢమైన ఉక్కుతో చేసి, దాని ఉపరితలాన్ని నైట్రోజన్‌తో గట్టిపరిచారు.

సంపీడనం ఎక్కువైతే మరో ప్రమాదం ఉంది. మంట చేరకముందే మిశ్రమంలో కొంత భాగం దానంతటదే భగ్గుమంటుంది. సుత్తితో కొట్టినట్లు టకటకమని శబ్దం వస్తుంది. మెకానిక్కులు దీన్ని నాకింగ్ అంటారు. ఇది కొనసాగితే పిస్టనుకు చిల్లు పడవచ్చు. దీన్ని ఆపడానికి ఆ రోజుల్లో పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపేవారు. ఇంజను నిక్షేపంగా ఉండేది, కాని పొగలోని సీసం మనుషులకు, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు హాని చేసింది. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసపు పెట్రోలును ఆపేశారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. కొన్నిసార్లు మూల్యాన్ని కారు యజమాని కాక, రోడ్డు పక్కన నడిచేవాళ్ళు చెల్లిస్తారు.

సామర్థ్యం రెట్టింపయితే వేగం?

రెట్టింపు కాదు! వేగంగా పోయే కారును గాలి నిరోధిస్తుంది. ఆ నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 70ని 34తో భాగిస్తే 2.06. దీని ఘనమూలం సుమారు 1.27. 116ను 1.27తో గుణించి చూడండి. గంటకు 147 కిలోమీటర్లు వస్తుంది. నిజంగా కూపర్ ఎస్ అత్యధిక వేగం 150 దరిదాపుల్లోనే ఉండేది. రెట్టింపు సామర్థ్యానికి దక్కిన వేగం పావు వంతు పైచిలుకు మాత్రమే.

కాని గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. 116కు బదులు 150 కిలోమీటర్ల వేగంతో పోయే కారును ఆపాలంటే బ్రేకులు 1.67 రెట్ల శక్తిని ఉష్ణంగా మార్చాలి. అందుకే జాన్ కూపర్ బ్రేకులను మరచిపోలేదు. మామూలు మినీకి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. కూపర్‌కు మొదటి నుంచీ ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టారు. కూపర్ ఎస్‌లో వాటిని ఇంకా పెద్దవి చేశారు. ఇంజనుతో పాటు ఆపే సాధనాన్ని కూడా పెంచినవాడే నిజమైన ఇంజనీరు.

మన వీధుల్లో కొందరు మోటారు సైకిలు సైలెన్సరును మార్చి, చెవులు చిల్లులు పడేలా శబ్దం చేస్తూ పోవడం మీరు చూసే ఉంటారు. శబ్దం పెరిగినంత మాత్రాన సామర్థ్యం పెరగదు. గాలి పోయే దారిని మారిస్తే వచ్చే దారినీ, మిశ్రమాన్నీ, వాల్వుల కాలాన్నీ, చివరికి బ్రేకులనూ దానికి తగినట్లు మార్చాలి. ఒక్కదాన్నే మార్చడం ఊపిరితిత్తులు పెంచకుండా నోరు మాత్రం పెద్దది చేసుకోవడం లాంటిది. పైగా తయారీదారు నిర్ణయించిన తీరుకు భిన్నంగా వాహనాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం అనుమతించదు.

మీరే లెక్క కట్టండి

1964లో 1275 ఘన సెంటీమీటర్ల కూపర్ ఎస్ వచ్చింది. బోరు మునుపటిదే. స్ట్రోకును మాత్రం 81.3 మిల్లీమీటర్లకు పెంచారు. సామర్థ్యం 76 హార్స్ పవర్. ఒక లీటరు ఘనపరిమాణానికి ఎన్ని హార్స్ పవర్ వస్తున్నదో మూడు ఇంజన్లకూ విడివిడిగా లెక్కించండి. అన్నిటికంటే పెద్ద ఇంజనే లీటరు లెక్కన అన్నిటికంటే ముందుంటుందా? ముందు లేకపోతే కారణమేమై ఉంటుంది? ఊపిరిని దృష్టిలో ఉంచుకుని ఆలోచించండి. జవాబును మీ సైన్సు మాస్టారితో చర్చించండి.