తొర్ర చెట్టు – నల్ల కాకతువ

కాకతువ యను పక్షిని మన పిల్లలు జంతుప్రదర్శనశాలలోనో, చిత్రపటములలోనో చూచియుందురు. తలపై నీకల కుచ్చును నిక్కించు పెద్ద చిలుక యది. ప్రకృతి శాస్త్ర పాఠములో ఈ పేరు వచ్చినప్పుడు కాకతీయులకును దీనికిని సంబంధమేమని పిల్లలు మమ్ముల నడుగుచుందురు. ఏ సంబంధమును లేదు. ఆ మాట మలయ్ భాషనుండి లోకమంతట వ్యాపించినది. ప్రశ్న మాత్రము మంచిదే.

మన మెరిగినది తెల్ల కాకతువ. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు నైరృతి భాగములో నల్ల కాకతువలు మూడు తెగలు కలవు. కార్నబీ కాకతువకును, బోడిన్ కాకతువకును తోకలో తెల్లని పట్టీ యుండును. మూడవదానికి ఎఱ్ఱని పట్టీ. బోడిన్ కాకతువ ముక్కు సన్నగా పొడవుగా నుండి, మర్రీ యను చెట్టు కాయలోనుండి గింజను పైకి లాగుటకు తగియుండును. ఈ మర్రీ మన మఱ్ఱి కాదు; యూకలిప్టసు బంధువు. ఎఱ్ఱతోక పక్షిని అచ్చటి ఆదివాసులగు నూంగార్ ప్రజలు దాని కూతనుబట్టి ‘కరాక్’ అందురు. ఈ మూడు తెగలకును ముప్పు కలదని ఆస్ట్రేలియా ప్రభుత్వము 1999 నాటి పర్యావరణ చట్టము క్రింద గుర్తించినది.

ముప్పునకు కారణ మొక్కటి కాదు. గోధుమ సాగునకై అడవులు నరికిరి. పండ్లతోటలవారు పక్షులను కాల్చిరి. 2010 జనవరిలో దక్షిణ తీరమున హోప్‌టౌన్ ప్రాంతమున ఒక్క వడగాడ్పు దినమునకే రెండువందలకు పైగా కార్నబీ కాకతువలు చనిపోయెను. కాని మేమిక్కడ గనుల సంగతినే వివరింపదలచితిమి. గనులు త్రవ్వినవారు మరల చెట్లు నాటుచున్నారు గదా, ఇక చింత యేల యని పలువురు అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చెట్టు తొర్రలో నున్నది.

పెర్త్ నగరమునకు దక్షిణముగను, ఆగ్నేయముగను జారా యను చెట్ల అడవి వ్యాపించియున్నది. ఆ నేలక్రింద బాక్సైటు కలదు. మన యింటి అల్యూమినియము గిన్నెకు మూలమైన ఖనిజ మదియే. కోరాపుట్ జిల్లాలో పంచపట్మాలి కొండపై 1980వ దశకమునుండి త్రవ్వుచున్నదియు ఇదే గనుక, ఆ ప్రాంతములోని మన తెలుగు కుటుంబములకు ఈ మాట క్రొత్త కాదు. జారా అడవిలో 1963లో అల్కోవా సంస్థ జారాడేల్ వద్ద త్రవ్వకము మొదలుపెట్టెను. బాడింగ్టన్ వద్ద 1987నుండి బంగారము తీయుట ఆరంభమయ్యెను. బాక్సైటు లోతున నుండదు. కొలది మీటర్లలోనే పలుచని పొరగా పరచుకొనియుండును. కావున గొయ్యి లోతు తక్కువ, పోవు అడవి విస్తీర్ణ మెక్కువ. ఖనిజము తీసిన పిదప పైమన్ను తిరిగి పరచి విత్తులు చల్లుదురు. తొలి సంవత్సరములలో పైన్ మొదలగు పరాయి చెట్లను నాటిరి. తరువాత జారా, మర్రీ మొదలగు స్థానిక వృక్షములనే పెంచసాగిరి.

ఈ కృషి వ్యర్థము కాలేదు. ఇట్లు పెంచిన తోపులలో పదేండ్లు నిండునంతలోనే నల్ల కాకతువలు వ్రాలి కాయలు కొట్టుకొని తినుచున్నట్లు బాడింగ్టన్ ప్రాంతపు పరిశీలనలలో తేలినది. అనగా పోయిన తిండి ఒక బిడ్డ ప్రాథమిక పాఠశాల దాటునంత కాలములో కొంత తిరిగి వచ్చుచున్నది.

ఇల్లు మాత్రము రాదు. కాకతువ గూడు అల్లదు. వడ్రంగిపిట్టవలె మ్రాను తొలువజాలదు. ముసలి చెట్టు కొమ్మ విరిగి, ఆ గాయమున శిలీంధ్రములును చెదలును చేరి, లోపలి చేవ తినివేయగా ఏర్పడిన తొర్రలోనే అది గ్రుడ్లు పెట్టును. అంత పెద్ద పక్షికి చాలిన తొర్ర యేర్పడుటకు నూరేండ్లకు పైగా, తరచుగా రెండువందల యేండ్లు పట్టును. 1963లో నాటిన మొక్క ఉన్నదనుకొన్నను, దానికి నేటికి అరువది యేండ్లు మాత్రమే దాటినవి. లెక్క మీరే వేసికొనవచ్చును. కంపెనీ నివేదికలో ఇన్ని ఎకరములు తిరిగి నాటితిమని చదివినపుడు, అది ఆహారపు లెక్కయేగాని నివాసపు లెక్క కాదని మేము పిల్లలకు చెప్పుచుందుము.

కార్నబీ కాకతువ కాపురము చూచిన ఈ చిక్కు ఇంకను స్పష్టమగును. ఆడుపక్షి యొంటిగా నాలుగు వారములు పొదుగును. మగపక్షి ఆహారము తెచ్చి దానికి పెట్టును. రెండు గ్రుడ్లు పెట్టినను సాధారణముగా ఒక్క పిల్లయే బ్రదుకును. అది ఎగురుటకు పది, పండ్రెండు వారములు పట్టును. తిండి గూటికి చాల దూరమైనచో ఆ ఒక్కటియు దక్కదు. జంట విడిపోదు; ఏటేటా అదే తావునకు తిరిగి వచ్చును. ఆ చెట్టు లేకున్న మరియొక తొర్రకై గాలా కాకతువలతోను, తొర్రలలో పట్టు పెట్టిన సీమ తేనెటీగలతోను పోటీ పడవలెను. ఈ పక్షులు దీర్ఘాయువులు. కావున పిల్లలు పుట్టకపోయినను ముసలి పక్షులు గుంపులుగా ఎగురుచునే యుండును. చూచువారికి కొరత యేదియు తోచదు. మాకు మిక్కిలి భయము గొల్పునది ఇదియే.

అందుచేత అచ్చట నరుకుటకు ముందే చెట్లను లెక్కింతురు. రొమ్మెత్తున అర మీటరు వ్యాసము కలిగిన స్థానిక యూకలిప్టసు చెట్టును, నేడు తొర్ర లేకున్నను, రేపటి గూటి చెట్టుగా ఎన్నవలెనని ప్రభుత్వ మార్గదర్శకము చెప్పుచున్నది. మొక్కపై కాక, కానున్న ముసలి చెట్టుపై దృష్టి నిలిపిన ఈ నియమము మాకు ఎంతయు నచ్చినది. గూడున్న చెట్లను, వాని చుట్టును కొంత అడవిని విడిచిపెట్టుట, పొదుగు కాలమున నరకకుండుట, నష్టమునకు మారుగా వేరొకచోట అడవిని కొని కాపాడుట మొదలగు షరతులను గనులపై పెట్టుచున్నారు. మారుగా కొన్న అడవి మునుపే యున్న అడవి గనుక, మొత్తము మీద విస్తీర్ణము తగ్గినదనుట కాదనలేము.

కృత్రిమ తొర్రలను గూర్చియు చెప్పవలెను. లావైన గొట్టమును చెట్టునకు బిగించి, లోన దిగుటకు నిచ్చెనయు, కొరుకుటకు కొయ్యలును అమర్చుదురు. కొయ్య నమలి పొట్టు చేసి దానినే పాన్పుగా పరచుకొనుట ఈ పక్షి కలవాటు. డెనిస్ సాండర్స్ అను శాస్త్రజ్ఞుడు 1969నుండి పరిశీలించిన కూమల్లో క్రీక్ అను తావున, పాడైన తొర్రలను బాగుచేసి, ఇట్టి గొట్టములను కట్టగా, గూడు పెట్టు జంటలు పెరిగెను. అయితే కొయ్యలు అరిగిపోవును, మార్చువా డుండవలెను. గని మూతపడిన పిదప ఆ పని యెవరిదన్నది ముందే వ్రాసికొనవలసిన విషయము.

ఇక లెక్కింపు. ఏటేటా శరదృతువులో, అనగా మనకు వేసవి మొదలగు కాలమున, ఒక్క సాయంకాలము ఆ ప్రాంతపు పౌరులు వందలకొలది పక్షులు రాత్రి విశ్రమించు చెట్లవద్ద నిలిచి, ప్రొద్దు క్రుంకు వేళ వచ్చి వ్రాలు కాకతువలను లెక్కించి కాగితముపై వ్రాయుదురు. కుటుంబములు పిల్లలతో కూడ వచ్చును. పక్షి యేదియు రాని చెట్టుకడ నిలిచినవారు కూడ సున్న యని వ్రాసి పంపవలెను.