పాత బైక్ కార్బురేటర్ రిపేర్: కొత్తది కొనే ముందు ఇవి చూడండి

2020 ఏప్రిల్‌లో బీఎస్6 రూల్స్ వచ్చాక చాలా కొత్త బైకుల్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. అంతకు ముందు కొన్న 100 సీసీ బండ్లలో మాత్రం చాలావరకు కార్బురేటరే ఉంటుంది. మా ఇంట్లో ఉన్న 2006 మోడల్ బండి కూడా అలాంటిదే. మూడు నెలలు కదలకుండా ఉండేసరికి చోక్ వేస్తే తప్ప నడవడం లేదు, చోక్ తీస్తే ఆగిపోతోంది. షాపులో చూపిస్తే కార్బురేటర్ మొత్తం మార్చాలన్నారు. నేను మార్చలేదు. క్లీన్ చేసి, రిపేర్ కిట్‌లోని రబ్బర్లు వేశాను. ఇప్పుడు రోజూ ఆఫీసుకి అదే బండి. ఈ పనిలో ముఖ్యమైన విషయం ఒక్కటే: ఎక్కడ అడ్డుపడిందో బండి లక్షణమే చెబుతుంది. అది గమనించాకే స్పానర్ పట్టుకోవాలి.

ఏ లక్షణానికి ఏ భాగం?

కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే దారులు వేరువేరుగా ఉంటాయి.

- ఐడిలింగ్‌లో ఆగిపోవడం, చోక్‌తో మాత్రమే నడవడం: పైలట్ జెట్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ఎక్కడో గాలి లీక్ కావొచ్చు.
- సగం రేస్‌లో తడబడటం: స్లైడ్‌కి వేలాడే నీడిల్, అది కదిలే నీడిల్ జెట్ చూడాలి.
- ఫుల్ రేస్ ఇచ్చినా స్పీడ్ పెరగకపోవడం: మెయిన్ జెట్ చూడాలి.
- ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోల్ కారడం: ఫ్లోట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు, లేదా ఫ్లోట్‌కి చిల్లు పడింది.

విప్పే ముందు నాలుగు చెక్‌లు

ఒకటి, ట్యాప్ నుంచి పెట్రోల్ ధారగా వస్తోందా? రెండు, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోయిందా? మూడు, స్పార్క్ ప్లగ్ రంగు ఎలా ఉంది? నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, తెల్లగా ఉంటే తక్కువ వెళ్తోంది, ఇటుక రంగు అయితే బాగున్నట్టే. నాలుగు, ఐడిలింగ్‌లో ఉండగా కార్బురేటర్, ఇంజిన్ కలిసే చోట కాస్త సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడి ఓ-రింగ్ నుంచి గాలి లీక్ అవుతున్నట్టే. అప్పుడు జెట్లు ఎంత కడిగినా లాభం లేదు. నా బండిలో ఈ నాలుగూ బాగానే ఉన్నాయి. అంటే మిగిలింది పైలట్ జెట్.

విప్పడం

ఇంజిన్ చల్లారాక, గాలి బాగా ఆడే చోట, నిప్పుకి దూరంగా పని మొదలుపెట్టండి. ట్యాప్ ఆఫ్ చేసి, డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోల్ ఖాళీ చేయండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా నీడిల్ క్లిప్ ఏ గాడిలో ఉందో క్లోజప్ ఉండాలి.

మిక్చర్ స్క్రూని తీసే ముందు, అది మెల్లగా ఆనేవరకు లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. బిగించేటప్పుడు మళ్లీ అన్ని చుట్లే వెనక్కి తిప్పాలి. గట్టిగా బిగిస్తే దాని మొన పాడవుతుంది.

క్లీనింగ్

జెట్లు ఇత్తడివి. కీహిన్ రకంలో జెట్ మీద 35 అని ఉంటే రంధ్రం దాదాపు 0.35 మిల్లీమీటర్లు. పిన్నీసు పెట్టి పొడిచి అది 0.40 అయిందనుకోండి, రంధ్రం వైశాల్యం 30 శాతం పెరుగుతుంది. ఆ తర్వాత మైలేజ్ గురించి మాట్లాడుకోవడం అనవసరం. అందుకే తీగలు, సూదులు వద్దు. కార్బ్ క్లీనర్ స్ప్రేలో నానబెట్టి, గాలి కొట్టి, మొండి మురికికి నైలాన్ బ్రష్ పోగు వాడండి. తర్వాత జెట్‌ని ఫోన్ టార్చ్‌కి ఎదురుగా పట్టి చూస్తే గుండ్రటి వెలుగు చుక్క కనిపించాలి. బాడీలోని సన్నటి దారుల్లోకి కూడా స్ప్రే కొట్టండి. కళ్లద్దాలు మర్చిపోవద్దు. ఓ-రింగులు, రబ్బరు మొన ఉన్న ఫ్లోట్ వాల్వ్ మాత్రం క్లీనర్‌లో వేయకండి, ఉబ్బిపోతాయి.

బిగించడం

కిట్‌లోని కొత్త ఓ-రింగులు, గాస్కెట్, ఫ్లోట్ వాల్వ్ వేసుకోండి. స్లైడ్‌కి కోత ఉన్న వైపు ఎయిర్ ఫిల్టర్ వైపు రావాలి. బండికి బిగించే ముందు కార్బురేటర్‌ని నిటారుగా పట్టుకుని, పైపు ద్వారా కొంచెం పెట్రోల్ పోసి ఐదు నిమిషాలు ఆగండి. ఓవర్‌ఫ్లో నుంచి చుక్క కూడా రాకపోతే ఫ్లోట్ వాల్వ్ బాగా పనిచేస్తున్నట్టే.

ట్యూనింగ్: ఆర్‌పీఎం మీటర్ లేకపోతే ఫోన్ చాలు

పది నిమిషాలు నడిపి ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ స్క్రూతో రేస్ కాస్త పెంచండి. మిక్చర్ స్క్రూని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ, ఇంజిన్ అన్నిటికంటే వేగంగా, నిలకడగా తిరిగే చోట వదిలేయండి. తర్వాత ఐడిల్‌ని మాన్యువల్ చెప్పిన చోటుకి దించాలి. చాలా 100 సీసీ బండ్లకు అది 1400 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది.

మీటర్ లేని బండిలో అది ఎలా తెలుస్తుంది? సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. అంటే 1400 దగ్గర నిమిషానికి 700, సెకనుకు 11 లేదా 12 పేలుళ్లు. సైలెన్సర్ దగ్గర ఫోన్‌తో ఆడియో రికార్డ్ చేసి, ఎడిటర్ యాప్‌లో ఒక సెకను వేవ్‌ఫామ్ జూమ్ చేసి శిఖరాలు లెక్కపెట్టండి. 15 కనిపిస్తే 1800 ఆర్‌పీఎం, కాస్త తగ్గించాలి.

కొత్తది ఎప్పుడు కొనాలి?

స్లైడ్ మీద లోతైన గీతలు పడి అది బాడీలో లొడలొడలాడుతుంటే, లేదా స్క్రూ మరలు అరిగిపోయి ఉంటే కొత్తదే కొనండి. అక్కడ క్లీనింగ్ పనిచేయదు. మిగతా చాలా కేసులకు కిట్, స్ప్రే, ఓ ఆదివారం సరిపోతాయి.

ఇంకో మాట. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బర్లకు కూడా మంచిది కాదు. నెలకు మించి బండి పక్కన పెట్టాల్సి వస్తే ట్యాప్ ఆఫ్ చేసి, డ్రెయిన్ స్క్రూ తిప్పి ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయండి. రెండు నిమిషాల పని, పైలట్ జెట్ మళ్లీ మూసుకుపోయే అవకాశం బాగా తగ్గుతుంది.