నాచు మేయు చేప: దాని తిండి, ఉనికి, రైతు జాగ్రత్త

గాజు తొట్టెలలో రంగుచేపలను పెంచు వాడుక పట్టణములనుండి పల్లెలకును వచ్చినది. ఆ తొట్టెల గోడలకు బట్టిన పాచిని గీకి తినునని యొక మచ్చల చేపను అంగళ్లవారు అమ్ముచున్నారు. వ్యాపారులు దీనిని సక్కర్ చేప యందురు. జాలరులు దెయ్యపు చేప యందురు. తొట్టెను శుభ్రపఱచునది గదా, పసుపు చేలకు బిందుసేద్యము చేయు నీటికుంటలో విడిచినచో పాచి తగ్గి జల్లెడలు మూసికొనిపోవు బాధ తీఱునని రైతునకు తోచుట సహజమే. కాని యే ప్రాణినైనను మన నీటిలోనికి తెచ్చుటకు ముందు అది యేమి తినును, ఎట్టి చోట నివసించును అను రెండు విషయములను విచారింపవలయును.

స్వరూపము

ఇది మన జెల్లలకును వాలుగలకును దూరపు చుట్టము. దక్షిణ అమెరికా ఖండమందలి అమెజాన్ మొదలగు నదులు దీని జన్మస్థానము. ఒడలిపై పొలుసులకు బదులు ఎముక పలకలు కవచమువలె నుండును. ఱెక్కల మొదట గట్టి ముండ్లు గలవు. నోరు తల క్రిందిభాగమున నుండి, రాతిని గాని గాజును గాని జలగవలె పట్టుకొనును. అంగడిలో రెండు మూడంగుళముల పిల్లగా కనబడునది పెరిగినపుడు 16 మొదలు 20 అంగుళములవఱకు నగును.

ఆహారము

ఇది రాత్రివేళ తిరిగి మేయును. పగలు నీడపట్టున దాగియుండును. రాళ్లకును మొద్దులకును అంటిన నాచు, అడుగున క్రుళ్లిన ఆకులు, సన్నని పురుగులు దీని ముఖ్యాహారము. నాచు సారము తక్కువ గలది గావున, చాలినంత దొరకుటకై యెడతెగక మేయవలయును. దాని ప్రేగు మిక్కిలి పొడవై చుట్టలు చుట్టుకొని యుండును. తొట్టెలోని పాచియే చాలునని విడిచిపెట్టినచో చేప కృశించును. చీకటి పడిన పిదప ఉడికించిన దోస, సొర, గుమ్మడి ముక్కలను వేసి, మిగిలినదానిని ఉదయమున తీసివేయవలయును.

ఇచ్చట నొక విషయము ముఖ్యము. ఈ చేప అంటియున్న పాచిని మాత్రమే గీకగలదు. నీటిలో తేలుచు నీటిని పచ్చగా మార్చు సన్నని నాచును తినజాలదు. పైగా తిన్నదానికి తగినట్లు విసర్జించును; ఆ మలమే ఎరువై నాచును మరల పెంచును. కావున నీటికుంటలోని పచ్చదనమునకు ఇది మందు కాదు.

ఉనికి

పెద్దదైన చేపకు 400 లీటర్లకు తక్కువ గాని తొట్టెయు, దాగుటకు గుల్ల మొద్దులును, నీటిని వడగట్టు యంత్రమును వలయును. సామాన్య గృహస్థు ఇంటనుండు చిన్న తొట్టె దీనికి ఏ మాత్రమును చాలదు. అట్లు చాలనపుడే, చంపుటకు మనసొప్పక, దానిని చెరువులో విడుచుట జరుగుచున్నది.

చలిని సహింపలేకున్నను, మన వేడి నీరు దీనికి చక్కగా సరిపడును. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు పైకి వచ్చి గాలిని మ్రింగి, జీర్ణాశయము ద్వారా శ్వాసించును. తడియున్నచో గట్టున సైతము చాల గంటలు బ్రతుకును. గ్రుడ్లు పెట్టుటకై మట్టి గట్టులో మూడడుగులకు మించిన బొరియలను త్రవ్వును. మగచేప వానిని కాచును.

చెరువునకు కలుగు కీడు

తొట్టెలో మెచ్చుకొనబడిన గుణములే చెరువులో కీడగును. రవ్వ, మోసు మొదలగు మన చేపల మేతకు ఇది పోటీ యగును. అడుగున నంటియున్న గ్రుడ్లును దీని నోట బడును. ముండ్లు వలలను చింపును. కవచమువలన దీనిని తిను పక్షులును చేపలును తక్కువ. బొరియలవలన గట్టులు జాఱును. అమెరికాలోని ఫ్లోరిడాలో నిది కనుగొనబడినది. మెక్సికో దేశమున ఇన్ఫియెర్నియో జలాశయమందు చేపల వేటకు దీనివలన గొప్ప నష్టము వాటిల్లినది.

ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. తెలంగాణ చెరువులలో ఈ చేప దొరకినట్లు 2017లో ప్రకటింపబడినది. తూర్పు కనుమల జలాశయములలో నూటికి సుమారు 60 చోట్ల దీని జాడ యున్నట్లు హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటి పరీక్షలవలన కనుగొనిరి.

2015లో మిషన్ కాకతీయ పథకము అప్పటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగరమున ఆరంభింపబడినది. పూడిక తీసి కట్టలను బాగుచేసికొనుటకు ఎంత ధనము, ఎంత శ్రమ వ్యయమైనదో సభ్యులెఱుగుదురు. మాక్లూరు, ఆర్మూరు ప్రాంతములందు ఒక చెరువు కట్టనే ఆయకట్టు రైతును, చేపలు పట్టు మత్స్య సహకార సంఘమును నమ్మియుందురు. ఒక యింటివాడు జాలిపడి విడిచిన చేప వలన ఇరువురికిని నష్టము కలుగగలదు.

సభ్యులు చేయవలసిన పనులు

1. ఈ చేపను చెరువునందు గాని, కాలువయందు గాని, బావియందు గాని విడువరాదు. పెంచలేనివారు అంగడివానికి తిరిగి యీయవలయును.

2. చేపపిల్లలను విడుచునపుడు జల్లెడపట్టి చూచి, కవచము గల పిల్ల యున్నచో ఏరివేయవలయును.

3. వలలో పడినదానిని మరల నీట వేయరాదు. గట్టున పడవేసినను చావక జాఱి నీటిలోనికి పోవచ్చును. కావున చంపి ఎరువుగుంటలో పాతిపెట్టి, జిల్లా మత్స్యశాఖవారికి తెలుపవలయును.

4. వేసవిలో నీరు తగ్గినపుడు కట్ట లోపలి వాలును పరీక్షించి, బొరియలున్నచో మట్టితో దిమ్మిస వేసి పూడ్చవలయును.

5. బిందుసేద్యపు కుంటలో పాచి తగ్గుటకు, ఎరువు కలిసిన నీరు కుంటలోనికి రాకుండ గట్టువేయుటయు, కుంటకు నీడ కల్పించుటయు, ఇసుక జల్లెడను తఱచు కడుగుటయు సరియైన మార్గములు.

ఒక చేప జత చాలును, చెరువంతయు నిండుటకు. నిండిన పిమ్మట ఏరివేయుట ఎవరి తరమును గాదు. రానీయకుండుట మాత్రము ప్రతి సభ్యుని చేతిలోని పని.