కుండకు చిల్లు ఎక్కడుందో చూడు

కమలాపురం,
దసరా వెళ్లిన మూడోనాడు.

చి.ల.సౌ. మనవరాలికి అవ్వ ఆశీర్వదించి రాసేది.

పండగకు నేను ప్రొద్దుటూరు వచ్చినప్పుడు అమ్మవారిశాల దీపాలన్నీ చూపించావు, సంతోషపడ్డాను. రాత్రి పడుకునే ముందు మాత్రం మెల్లగా ఒక మాట అన్నావు. "ఇరవయ్యో తారీఖు దాటకముందే జీతం అయిపోతోందవ్వా, యాడికి పోతోందో తెలీడం లేదు." ఆ మాట నాతోపాటే బస్సెక్కి ఎర్రగుంట్ల మీదుగా కమలాపురం దాకా వచ్చింది. ఫోన్లో చెబుదామంటే నువ్వు 'ఊ' కొడుతుంటావు, ఇంతలో కుక్కర్ కూస్తుంది, మాట అక్కడితో పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివి బియ్యం డబ్బాలో దాచుకో.

మీ ఇంట్లో రెండు రోజులు ఉండి చూశాను కదా, నువ్వు దుబారా మనిషివి కావు. పుంటికూర కట్ట దగ్గర రెండు రూపాయలు బేరమాడతావు, పాలప్యాకెట్టు కడిగిన నీళ్లు కూడా టీలో పోస్తావు. అయినా నెల గడవడం లేదంటే లోపం నీ పిసినారితనంలో లేదు. కుండ అడుగున చిల్లు పెట్టుకుని మూతికి గుడ్డ బిగిస్తున్నావు. ముందు ఆ చిల్లు వెతకాలి.

మా అత్త చదువుకోలేదు. వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. పాలకు ఒక వరస, కూలివాళ్లకు పెట్టిన గింజలకు ఒక వరస, చేబదులుకు ఒక వరస. నెలాఖరుకు గోడ దగ్గర నిలబడి చూస్తే ఇల్లెట్లా నడిచిందో కనబడేది. నువ్వు నోట్‌బుక్కు పెట్టుకో. మూడు వరసలు చాలు. తిండికి పోయింది ఒకటి, అద్దె, కరెంటు, గ్యాసు లాంటి తప్పనివి ఒకటి, కంతులు, వడ్డీలు ఒకటి. మొదటి నెల ఏదీ తగ్గించొద్దు, ఎవరినీ తప్పు పట్టొద్దు. ఉన్నదున్నట్టు రాయండి. మీ ఆయన చేత కూడా రాయించు. మగవాళ్లకు టీకొట్టు ఖర్చు ఖర్చులాగా కనపడదు.

నాకు తెలిసి మీ చిల్లు మూడో వరసలో ఉంటుంది. బండికి కంతు, ఫోనుకు కంతు, ఫ్రిజ్జుకు కంతు, పెండ్లికి చేసిన అప్పుకు వడ్డీ. మన పక్క వడ్డీని "నూటికి రెండ్రూపాయలే" అంటారు. ఆ 'రెండ్రూపాయలే' అన్న మాటలోనే మోసముంది. అది నెలకు రెండు, అంటే ఏడాదికి నూటికి 24. ఏభై వేలు తెస్తే ఏడాదికి 12,000 వడ్డీకే పోతాయి, అసలు కదలదు. కూర దగ్గర నువ్వు రోజుకు రెండు రూపాయలు మిగిల్చినా ఏడాదికి 730. ఇక ఏ చిల్లు ముందు పూడ్చాలో నీకే తెలుస్తుంది.

ఈ లెక్క నేను పుస్తకంలో చదివింది కాదు. మీ తాత బోరు వేయించడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చినాడు. నీళ్లు పడలేదు, దుమ్ము లేచింది. నెలకు 1,200 లెక్కన నాలుగేండ్లు కట్టినాము. మొత్తం 57,600. అప్పు ఇచ్చినాయన పుస్తకంలో మాత్రం నలభై వేలు నలభై వేలుగానే ఉన్నాయి. ఆ నాలుగేండ్లూ నేను పప్పులో నీళ్లు ఎక్కువ పోసి పొదుపు చేస్తున్నాననుకున్నాను. పిల్లల పొట్ట కట్టి వడ్డీ కట్టానని తర్వాత తెలిసింది.

మమ్మల్ని ఒడ్డున పడేసింది పొదుపు సంఘమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాయికి ఎదురు తిరిగిన సంగతి నువ్వు పుట్టక ముందుది. ఆ తర్వాత ఆ జిల్లాలోనే ఆడవాళ్లు సారాయికి పోయే డబ్బులో రోజుకో రూపాయి పక్కన పెట్టడం మొదలుపెట్టినారు, దానికి పొదుపు లక్ష్మి అని పేరు. అది ఊరూరా పాకింది. మా వీధిలో కూడా పదిమందిమి చేరి నెలకు ముప్పై రూపాయలు వేసుకున్నాము. అందరూ నవ్వినారు. కానీ ఆ పుస్తకం చూసే బ్యాంకువాళ్లు మాకు అప్పు ఇచ్చినారు. 2004లో పావలా వడ్డీ వచ్చింది, అంటే నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. మూడు రూపాయలు నెలకు కట్టిన చేత్తోనే ఏడాదికి కట్టినాను. ఆ అప్పుతో బయట అప్పు తీర్చేసినాము. మీ వీధిలో సంఘం ఉంటే ఈ నెలే చేరు. సిగ్గుపడొద్దు. చదువుకున్నదానివి, లెక్కలు రాసిపెడితే వాళ్లకు కూడా మేలు.

చీటీల మాట కూడా చెబుతాను. తెలిసినాయన కదా అని నోటిమాట మీద చీటీ కట్టొద్దు. మా వీధి చివర ఒకాయన ఇరవైమంది చీటీ డబ్బులతో రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయినాడు. చీటీలకు 1982లో చేసిన చట్టముంది, దాని కింద రిజిస్టరైనదైతేనే ఆలోచించు. అంతకంటే పోస్టాఫీసు మేలు. నెలకు నూరు రూపాయలతోనైనా రికరింగ్ డిపాజిట్టు మొదలుపెట్టొచ్చు, అయిదేండ్లు కట్టాలి. రేపు ఆడబిడ్డ పుడితే పదేండ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరిపించు. ఏడాదికి 250 కట్టినా ఖాతా నిలుస్తుంది.

ఇప్పుడు బంగారం. నువ్వుండేది ప్రొద్దుటూరు. అంగళ్లు చూస్తే చెయ్యి ఆగదు, దీపావళి దగ్గరికొచ్చింది. కొనొద్దని చెప్పను. మన సీమలో బోరు వేసినా, బిడ్డకు ఫీజు కట్టినా ఆడదాని మెడలోదే ముందుకొస్తుంది. కానీ నగ వేరు, దాచుకునే బంగారం వేరు. నూటికి 12 తరుగు అంటే పది గ్రాముల గొలుసుకు 1.2 గ్రాములు నువ్వు అంగడి దాటకముందే పోయినట్టు. దానిపైన బిల్లుకు నూటికి మూడు జీఎస్టీ. అమ్మేటప్పుడు ఈ రెండూ తిరిగిరావు. కూరలామె దగ్గర రెండు రూపాయలకు గొంతు చించుకునే మనం ఏసీ అంగట్లో కూల్‌డ్రింక్ ఇవ్వగానే తరుగు మాట ఎత్తడానికి మొహమాటపడతాం. బేరమాడాల్సింది అక్కడ.

ముద్ర చూసుకో. 22 క్యారెట్లదైతే 916 అని ఉంటుంది, పక్కనే బీఐఎస్ గుర్తు, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే నగ వివరాలు వస్తాయి, అంగట్లోనే కొట్టి చూడు. రాళ్ల నగైతే రాళ్ల బరువు తీసేసి బంగారం బరువెంతో బిల్లులో విడిగా రాయించుకో. పోగేసుకోవడానికైతే నగ కంటే బిళ్ల నయం. కుదువ పెట్టాల్సి వస్తే బ్యాంకుకు పో, సందులో ఉండే వడ్డీ అంగడి మెట్లు ఎక్కొద్దు.

ఇక వంటింటికి వస్తాను. సరుకును కాలంలో కొనడం సగం పొదుపు. చింతపండు, ఎండుమిరప, పసుపు మాఘం నుంచి చైత్రం దాకా కొత్తవి వస్తాయి, అప్పుడే ఏడాదికి సరిపడా కొనుక్కో. మన నల్లరేగట్లో ఇప్పుడు విత్తే శనగ సంక్రాంతి దాటాక చేతికొస్తుంది. కొత్త చెనిక్కాయలు ఇప్పుడే వస్తున్నాయి. చింతపండు గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి ఉండలు కట్టి జాడీలో పెడితే ఏడాది కదలదు. కందిపప్పుకు చేతికి కొంచెం ఆముదం రాసుకుని పట్టించి ఎండలో పెట్టు, పురుగు పట్టదు. బియ్యంలో నీడన ఆరిన వేపాకు వెయ్యి. చిన్న ప్యాకెట్లలో వారానికోసారి కొంటే సరుకుతోపాటు ప్యాకెట్టుకు కూడా నువ్వే కడుతున్నట్టు.

ఇంట్లో గింజ ఉండడం డబ్బు లెక్క ఒక్కటే కాదు. 2021 నవంబరులో వానలకు మన పాపాఘ్ని పొంగి, కమలాపురం దగ్గర వంతెన కూలిపోయింది. కడపకు పోయే దారి తెగింది. ఆ రోజుల్లో మన ఇంట్లో రాగులు, కందులు, చింతపండు ఉన్నాయి కాబట్టి అంగడి వైపు చూడలేదు, పక్కింటికి కూడా ఒక శేరు ఇచ్చినాను. కరువు సీమలో పుట్టినవాళ్లం, వరద కూడా వస్తుందని అప్పుడే నేర్చుకున్నాము.

వారానికి మూడు రోజులు రాగి సంగటి చెయ్యి. ఊరుబిండి నూరితే వేరే కూర అక్కర్లేదు. రాత్రి మిగిలిన సంగటిని నీళ్లలో వేసి ఉంచితే పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డతో సద్దవుతుంది, ఎండకు కడుపులో చల్లగా ఉంటుంది. హోటలు దోసె తినాలనిపించిన పూట బొరుగులు నానబెట్టి ఉగ్గాని చెయ్యి, పది నిమిషాల పని. పప్పు అరగంట నానబెట్టి కుక్కర్లో పెట్టు, మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించు. సిలిండరు వచ్చినప్పుడు తూకం వేయించుకో. దాని మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే తేలాలి. మార్చిన తేదీ క్యాలెండరు మీద గుర్తు పెడితే ఏ నెల ఎక్కువ కాలిందో తెలుస్తుంది.

కరెంటులో కూడా పెద్దది చూడు. 75 వాట్ల పాత ఫ్యాను 13 గంటలు తిరిగితే ఒక యూనిట్. ముప్పై వాట్ల కొత్త రకం ఫ్యాను అదే యూనిట్‌తో 33 గంటలు తిరుగుతుంది. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి మన ఎండాకాలం బిల్లు అంత బరువు. శివరాత్రి దాటగానే ఇంటివాళ్లనడిగి మిద్దె మీద తెల్ల సున్నం కొట్టించు. మన నాపరాళ్ల నేల ఎట్లాగూ చల్లనిదే, పైనుంచి వేడి దిగకుండా చూసుకుంటే చాలు.

ఎక్కడ పొదుపు చేయకూడదో కూడా రాస్తాను. పాలు, పండ్లు, మందుల దగ్గర వద్దు. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు, మిగిలేది పది రూపాయలు, పోయేది ఆసుపత్రికి. పనిచేసే మనిషి కూలి తగ్గించొద్దు. పుంటికూర కట్ట తెచ్చే ఆమెతో బేరం మాను, పులివెందుల పక్క నుంచి చీనీకాయలు బండి మీద తెచ్చే పిల్లవాడితో కూడా. వాళ్లు మన కంటే కష్టంలో ఉన్నారు. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా మిగిల్చిన డబ్బు మన ఇంట ఎప్పుడూ పొదుపు కాలేదు.

చివరిది, మీ ఆయనకు కూడా చెప్పు. జీతం వచ్చిన రోజే ఇద్దరూ కూర్చుని ముందు దాచేది దాచండి, తర్వాత ఖర్చు పెట్టండి. మిగిలితే దాచుదామంటే ఏ ఇంట్లోనూ మిగలదు. మీ అత్తగారికి పంపేది, మీ అమ్మకు పంపేది నోట్‌బుక్కులో కనపడేటట్టు రాయండి. దాచి పంపింది రూపాయైనా తగువు తెస్తుంది. పెండ్లప్పు ముందు తీర్చండి, ఆ తర్వాత మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో చేరేదాకా కొత్త కంతు ఏదీ తెచ్చుకోవద్దు, దీపావళి తగ్గింపులని ఎన్ని పలకలు కట్టినా సరే.

వచ్చే నెల రెండో ఆదివారం ఇద్దరూ రండి. చింతపండు ఉండలు, ఆముదం పట్టించిన కందిపప్పు, రాగులు తీసిపెట్టాను. ఖాళీ డబ్బాలు తెచ్చుకో. నెల లెక్క రాసిన నోట్‌బుక్కు మరవొద్దు, మూడో వరస నేను చూడాలి.

ఇట్లు,
మీ అవ్వ